నలభై అడుగుల అవుతల

ఇరవై రెండేండ్లు మందు పేల్చినోణ్ని.
ఎర్రజెండా పాతుడు, సైరన్ మూడుమాట్ల కూసుడు,
పానమున్నయన్నీ హద్దు దాటినంకనే
బటన్ మీద బొటనేలు.
దూరం సంగతి నాకెవ్వలు చెప్పద్దనుకునేది.

మైసి మా మంచం కిందికొచ్చిన్నాడు
మెడకు తాడు కోసుకపోయిన గీత,
పుండు మీద బొగ్గుపొడి.
బంకరు కాడ దొరికిందని సరోజన ఒళ్లె ఏసుకొచ్చింది.
ఎవడు కట్టిండో, ఎందుకు కొట్టిండో
అది చెప్పదు, మేం అడుగం.

కట్టె కనవడితే పండ్లు బయటవెడ్తది.
హెల్మెట్ కనవడితే గొంతు పలిగేటట్టు మొరుగుతది.
మా ఎయిటింక్లైన్ కాలనీల
హెల్మెట్ లేని మనిషెక్కడ దొరుకుతడు?
పక్క క్వార్టర్ ఓదేలు రెండుసార్లు తప్పించుకున్నడు,
మూడోసారి లుంగీ ఇడిసిపెట్టి ఉరికిండు.
"పిచ్చిది, మున్సిపాలిటోళ్లకు ఒప్పజెప్పు" అన్నడు.
నేను కట్టె అందుకున్న.
దాని కండ్లల్ల అప్పటికప్పుడు
ఆ తాడు కట్టినోణ్ని నేనే అయిన.
కట్టె కింద వెట్టిన, అది నమ్మలే.

పశువుల దవాఖాన్ల రజియా మేడం
పుండు కడుక్కుంటనే మెల్లగ చెప్పింది:
"అది కోపం గాదన్నా, భయం.
భయాన్ని కొడితే లోపటికి పోతది, బయటికి పోదు.
ఎంత దూరంల మనిషిని చూసి గూడ
మొరగకుంట నిలవడ్తదో అక్కడ మొదలువెట్టు.
చూసిందా, ఓ ముక్క వెట్టు. అంతే."
నవ్వొచ్చింది నాకు.
పేలుడు హద్దు కొలిచెటోనికి
కుక్క హద్దు కొలుసుడు నేర్పుతాంది.

ఓదేలును బతిమిలాడినం.
రెండు వందల బాకీ మాఫంటె ఒప్పుకున్నడు.
హెల్మెట్ వెట్టుకొని వేపచెట్టు కాడ నిలవడ్డడు,
మొగులు దిక్కు చూసుకుంట, మైసి దిక్కు చూడకుంట.
నలభై అడుగులు.
చెవులు లేసినయి. నోరు లేవలే.
ఉడకవెట్టిన కోడి కార్జం, గోటంత ముక్క.
మళ్ల చూసింది. మళ్ల ముక్క.
చాలు, ఇంటికి.
ముప్పై ఎనిమిది. ముప్పై ఆరు.
ముప్పై మూడు కాడ వారం ఆగింది,
గణేశుని ఊరేగింపు పటాకలకు
మళ్ల నలభై ఐదుకు పోయింది.
చికెన్ దుకాణం అన్వర్ అడిగిండు,
"రోజు కార్జమే కొంటున్నవ్, రక్తం తక్కువుందా?"

మబ్బు లేని నాడు గూడ
మధ్యాన్నం మూడింటికి ఉరుముతది మా కాలనీ.
ఆ సంగతి నాకు ప్లేడే నాడు తెలిసింది.
ఇన్నేండ్లు పేల్చే దిక్కున్నోణ్ని,
మంచం కింద వండుకోని ఎన్నడు ఇన్లే.
ముందుగాల నేలను ఎవడో గుంజినట్టు,
సజ్జ మీద గిన్నెలు గజగజ,
గోడ పగుల్లకెల్లి సున్నం రాలి
నా చేతి మీద, దాని వీపు మీద.
మైసి ఉచ్చవోసుకున్నది.
తడి నా మోకాలికి తాకింది.
ఏమనలే. ఏమనాలె?

అప్పటిసంది సరోజన
సైరన్ కూయంగనే గిన్నె మూత తీస్తది.
కూతకో ముక్క.
ఢామ్మన్నప్పుడు రెండు.
మంచం కిందికి చెయ్యి చాపుడే,
గుంజుడు లేదు, "రా" అనుడు గూడ లేదు.

నిన్న ఓదేలు డ్యూటీ దిగి
పన్నెండు అడుగుల మీదికెల్లి పోయిండు.
మైసి మొరిగింది, ఒక్కసారే,
మొరిగి, ఎనకకు మళ్లి
నా చేతి దిక్కు చూసింది.
ఓదేలు మాత్రం ఒక చేత్తోటి ప్యాంటు పట్టుకోనే నడిచిండు.

ఇయ్యాల ఓపెన్‌కాస్టుల, కింది బెంచీ మీద
నూటయిరవై హోల్సు నింపినం.
జెండా, సైరన్, హద్దు. అంత ఖాళీ.
బొటనేలు బటన్ మీద ఉన్నది,
తెల్వకుంటనే ఎడమచెయ్యి అంగి జేబులకు పోయింది.
జేబుల ఏం లేదు, కార్జం వాసన తప్ప.
హెల్పర్ పిలగాడు "అన్నా, టైమైంది" అంటాండు.
నాలుగు కిలోమీటర్ల అవుతల
సరోజన మూత తీసిందో లేదో.